నీరు మారితే గింజా మారుతుంది



జొన్న, సజ్జ, వరి, మొక్కజొన్న గింజల్లో అతి తక్కువ పాళ్లలో ఉండే ఖనిజాల గురించి ఈ పూట మాట్లాడుకుందాం. ఇనుము, జింకు, రాగి లోహం, మాంగనీసు, బోరాన్, మాలిబ్డినం. వీటినే సూక్ష్మపోషకాలు అంటున్నాం. ఎంత సూక్ష్మమో ఒక్క లెక్క చెబుతాను. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల పాలిష్ బియ్యంలో జింకు సుమారు 1.2 మిల్లీగ్రాములు. అంటే క్వింటాలు బియ్యమంతా కలిపినా అందులో జింకు గ్రామున్నర ఉండదు. ఆ కాస్త జింకు మీదే పిల్లల ఎదుగుదల, గాయం మానడం, రోగాన్ని తట్టుకునే శక్తి ఆధారపడి ఉన్నాయి.

నల్లగొండ, పాలమూరు ప్రాంతాల వాళ్లం ఈ విషయం మరింత శ్రద్ధగా తెలుసుకోవాలి. గింజలో ఖనిజాల పాళ్లు మారితే మనిషి ఎముక మీద ఏ ప్రభావం పడుతుందో యాభై ఏళ్ల కిందట మన శాస్త్రవేత్తలు నల్లగొండ జిల్లా ఊళ్లలోనే పరిశీలించారు. ఆ పరిశీలన ప్రపంచ వైద్య పత్రికల దాకా వెళ్లింది. మన ఊళ్లలో మాత్రం దాన్ని తలుచుకునేవాళ్లు తక్కువ. ఇప్పుడు పాలమూరు మెట్టకు కృష్ణ నీళ్లు వస్తున్న వేళ ఆ పాఠం మళ్లీ చదువుకోవాల్సిన అవసరం వచ్చింది.

ముందు మొక్క సంగతి చూద్దాం.

మన ఎర్ర చెల్క నేలల్లో ఇనుముకు కొదవ లేదు. ఆ ఎరుపు ఇనుము వల్ల వచ్చిందే. కానీ ఆ ఇనుమంతా తుప్పు రూపంలో గట్టిపడి ఉంటుంది, నీళ్లలో కరగదు. కరగనిదాన్ని వేరు పీల్చుకోలేదు. నేలలో సున్నం పాలు, చౌడు గుణం పెరిగేకొద్దీ ఇది ఇంకా బిగుసుకుంటుంది. అందుకే కాళ్ల కింద టన్నులకొద్దీ ఇనుమున్నా పైరు ఇనుము చాలక పసుపెక్కుతుంది.

గడ్డిజాతి పంటలు, అంటే మన ధాన్యపు పైర్లన్నీ, దీనికొక ఉపాయం కనిపెట్టుకున్నాయి. జపాన్ శాస్త్రవేత్త సెయిచి తకాగి 1976లో దీన్ని వెలుగులోకి తెచ్చారు. ఇనుము చాలనప్పుడు ఈ మొక్కల వేళ్లు ఒక సేంద్రియ ఆమ్లాన్ని మట్టిలోకి వదులుతాయి. అది తుప్పులోని ఇనుమును పట్టి కరిగే రూపంలోకి తెస్తుంది. ఆపైన వేరు ఆ రెంటినీ కలిపి లోపలికి లాక్కుంటుంది. బావిలోకి చేద వదిలి, నిండాక పైకి తోడుకున్నట్టే ఈ పని జరుగుతుంది. బార్లీలో ఈ స్రావం రోజంతా ఒకేలా ఉండదు. పొద్దు పొడిచాక కొన్ని గంటల్లో ఎక్కువగా వస్తుంది, తర్వాత తగ్గిపోతుంది. మట్టిలోని సూక్ష్మజీవులు ఆ ఆమ్లాన్ని తినేస్తుంటాయి కాబట్టి, ఒక్కసారిగా వదిలి వెంటనే లాక్కోవడం మొక్కకు లాభం.

అన్ని పైర్లకూ ఈ శక్తి సమానంగా లేదు. బార్లీ, గోధుమ ఎక్కువ వదులుతాయి. జొన్న, వరి తక్కువ వదులుతాయి. అయితే వరికి మరో దారి ఉంది. నీళ్లు నిలిచిన మడిలో గాలి ఆడదు. గాలి ఆడని చోట ఇనుము తనంతట తానే కరిగే రూపంలోకి మారుతుంది. వరి దాన్ని నేరుగా తీసుకుంటుంది. అదే మడిలో జింకు సంగతి తలకిందులవుతుంది. నీళ్లు నిలిచేకొద్దీ జింకు వేరుకు అందకుండా పోతుంది. ఒకే మడి, ఒకే నీరు. ఇనుముకు అనుకూలం, జింకుకు ప్రతికూలం.

ఇక వేరు లోపలికి వెళ్దాం. మట్టిలో కరిగిన ఖనిజం వేరు పైపొరల సందుల్లోంచి కొంత దూరం వెళ్తుంది. లోపల ఒక వరుస కణాల చుట్టూ నీరు చొరని పట్టీ ఉంటుంది. అక్కడ సందుల దారి మూసుకుపోతుంది. ఏ ఖనిజమైనా కణం పొరను దాటే లోపలికి పోవాలి. ఆ పొరలో రవాణా ప్రోటీన్లు ఉంటాయి. జింకు తక్కువైతే మొక్క ఆ పని చేసే ప్రోటీన్లను ఎక్కువగా తయారు చేసుకుంటుంది. ఎక్కువైతే తగ్గించుకుంటుంది. మిగిలినదాన్ని వేరు కణాల్లోనే దాచిపెడుతుంది. ఇనుము, జింకు విషయంలో మొక్క ఇంత జాగ్రత్తగా ఉంటుంది. మాలిబ్డినం విషయంలో ఈ అదుపు అంత గట్టిగా ఉండదు. నేలలో కరిగి ఉన్నది పెరిగితే మొక్కలో చేరేదీ పెరుగుతుంది. ఈ తేడాను గుర్తుంచుకోండి. నల్లగొండ సంగతి అర్థం కావడానికి ఇదే కీలకం.

వేరు దాటిన ఖనిజం నీటితోపాటు దంటులోకి ఎక్కుతుంది. నీరు ఎక్కువగా ఆవిరయ్యేది పెద్ద ఆకుల నుంచి కాబట్టి ప్రవాహం అటే పోతుంది. కానీ మొక్కకు అసలు అవసరం లేత మొవ్వులో, కంకిలో ఉంటుంది. ఆ మళ్లింపు కణుపుల దగ్గర జరుగుతుంది. ఒక జొన్న దంటును కణుపు దగ్గర నిలువునా చీల్చి చూడండి. కణుపుల మధ్య తిన్నగా సాగే పీచు కణుపు దగ్గర దగ్గరదగ్గరగా అల్లుకుని కనిపిస్తుంది. అక్కడ పై ఆకులకు, కంకికి పోయే నాళాలు పక్కపక్కనే చేరతాయి. ఒక నాళంలోంచి మరో నాళంలోకి జింకును మార్చి లేత భాగాలకు పంపే ప్రోటీన్లు వరి కణుపుల్లో ఉన్నాయని పరిశోధకులు చూపించారు.

ముదురు ఆకుల నుంచి కొన్ని పోషకాలు తిరిగి లేత ఆకులకు చేరతాయి, కొన్ని చేరవు. రైతుకు పనికొచ్చే గుర్తు ఇందులో ఉంది. నత్రజని చాలకపోతే మొక్క ముదురాకులోంచి లాగి లేతాకుకు ఇస్తుంది. అందుకే కింది ఆకులు ముందు పసుపెక్కుతాయి. ఇనుము అలా తేలిగ్గా కదలదు. అందుకే కొత్తగా వచ్చే ఆకులో ఈనెల మధ్య భాగం పాలిపోతుంది. జింకు లోపిస్తే మొక్కజొన్నలో లేత మొవ్వు తెల్లబడుతుంది. వరిలో ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు లేస్తాయి, పైరు గిడసబారుతుంది. వరిలో ఈ తెగులు లాంటిది జింకు లోపమేనని 1966లో పంత్‌నగర్ విశ్వవిద్యాలయంలో తేల్చిన వై.ఎల్. నెనే ఆ తర్వాత మన పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌కు వచ్చి ఏళ్ల తరబడి పనిచేశారు.

చివరి మజిలీ గింజ. పాలుపోసుకునే దశలో ఆకుల నుంచి చక్కెరతోపాటు ఖనిజాలూ గింజలోకి దిగుతాయి. అవి గింజంతా సమానంగా పరుచుకోవు. మొలక భాగంలో, పైపొర కిందనున్న సన్నటి పొరలో ఎక్కువగా చేరతాయి. మధ్యనున్న తెల్లటి పిండిలో తక్కువ. మరపట్టి పాలిష్ చేసినప్పుడు పోయేవి సరిగ్గా ఈ మొలకా, ఈ సన్నటి పొరా. తవుడులో గేదెకు పోయేది ఎక్కువ, మన పళ్లెంలోకి వచ్చేది తక్కువ. అవే ఆహార పట్టికలు చూస్తే, 100 గ్రాముల సజ్జల్లో ఇనుము దాదాపు 6.4 మిల్లీగ్రాములు, తైదల్లో 4.6, జొన్నల్లో సుమారు 4. పాలిష్ బియ్యంలో 0.65. సజ్జరొట్టె, జొన్నగట్క తిన్న ఇళ్లు సన్నబియ్యానికి మారినప్పుడు ఏం వదులుకున్నాయో ఈ అంకెల్లో ఉంది.

ఒక మాట జోడించాలి. గింజలో ఉన్న ఇనుమంతా ఒంటికి పట్టదు. గింజలోని ఫైటిక్ ఆమ్లం ఇనుమును, జింకును గట్టిగా పట్టుకుంటుంది. నానబెట్టడం, మొలకెత్తించడం, పులియబెట్టడం ఆ పట్టును సడలిస్తాయి. రాత్రి కలిపి పొద్దున తాగే అంబలి వెనుక ఇంత మేలు ఉంది.

ఇప్పుడు నల్లగొండ సంగతికి వద్దాం.

నల్లగొండ పేరు చెప్పగానే ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. గ్రానైట్ రాళ్ల సందుల్లోంచి ఊరే బావి నీళ్లలో, బోరు నీళ్లలో ఫ్లోరైడ్ కలిసి తరాల తరబడి మనుషుల ఎముకలను పీడించింది. నీళ్లలోంచి ఫ్లోరైడ్‌ను తీసే ఒక పద్ధతి ప్రపంచమంతటా నల్లగొండ పేరుతోనే తెలుసు. ఆ వ్యాధిలో సాధారణంగా వెన్నెముక బిగుసుకుపోతుంది, ఎముక గట్టిబడుతుంది. కానీ 1970ల మొదట్లో డాక్టర్లు మరో రూపం చూశారు. ఎదిగే వయసు పిల్లల్లో మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి ఒరుసుకునేవి, పాదాలు ఎడంగా ఉండేవి. కాళ్ల ఎముకలు గట్టిబడటానికి బదులు గుల్లబారేవి. దీనికి వైద్యంలో జెను వాల్గం అని పేరు. జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో లండన్ నుంచి వెలువడే లాన్సెట్ పత్రికలో దీన్ని వివరించారు.

ఫ్లోరైడ్ పాతదే. మరి కొత్తగా వచ్చిందేమిటి? ఆ శాస్త్రవేత్తలు నీళ్లతో ఆగకుండా ఇంట్లో గింజల గంప దాకా వెళ్లారు. ఆ ఊళ్లలో ముఖ్యాహారం జొన్న. పోషకాహార సంస్థకే చెందిన దేవస్థలే, కృష్ణమాచారి, బెలవాడి కలిసి వ్యాధి ఉన్న ఊళ్ల నుంచి, లేని ఊళ్ల నుంచి వరి, జొన్న, సజ్జ గింజలు తెచ్చి ఖనిజాలు కొలిచారు. వ్యాధి ఉన్న ఊళ్ల జొన్నలో మాలిబ్డినం ఎక్కువగా, రాగి తక్కువగా కనిపించింది. ఆ ఫలితాలు 1977లో అచ్చయ్యాయి.

మాలిబ్డినం ఎందుకు పెరిగింది? నాగార్జునసాగర్ డ్యామ్‌కు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది. 1967 ఆగస్టు 4న కాలువలకు నీళ్లు వదిలారు. ఆ నీళ్లు లక్షల ఎకరాలను పచ్చగా చేశాయి, లక్షల కుటుంబాలకు అన్నం పెట్టాయి. దాంతోపాటు చుట్టుపక్కల నేలలో నీటిమట్టం పైకి వచ్చింది. పైకొచ్చిన నీరు ఎండకు ఆవిరవుతుంటే లవణాలు నేలలోనే మిగిలి క్షారగుణం పెరుగుతుంది. శాస్త్రవేత్తలు ఇక్కడే ముడి విప్పారు. మామూలు ఎర్రనేలలో మాలిబ్డినం ఇనుప తుప్పుకు అంటుకుని ఉంటుంది. నేల క్షారంగా మారితే అది తుప్పును వదిలి నీళ్లలో కరుగుతుంది. జింకు, రాగి, మాంగనీసుల నడత దీనికి పూర్తిగా ఎదురు. క్షారగుణం పెరిగితే అవి బిగుసుకుపోతాయి. ఒకే మార్పు ఒకదాన్ని విడిపించి మిగతావాటిని బంధిస్తుంది. జొన్న వేరు తనకు దొరికింది తీసుకుంది. గింజలో మాలిబ్డినం పెరిగింది, రాగి తగ్గింది.

దీని ఫలితం మనిషి ఒంట్లో ఏమిటో అదే సంస్థకు చెందిన డాక్టర్ సి. గోపాలన్, దేవస్థలే కలిసి చూశారు. మాలిబ్డినం వేర్వేరు పాళ్లలో ఉన్న జొన్న భోజనాన్ని కొందరు పెద్దవాళ్లకు పెట్టి మూత్రంలో పోయే రాగిని కొలిచారు. రోజువారీ మాలిబ్డినం 160 మైక్రోగ్రాముల నుంచి 1,540 మైక్రోగ్రాములకు పెరిగినప్పుడు మూత్రంలో పోయిన రాగి 24 నుంచి 77 మైక్రోగ్రాములకు పెరిగిందని 1974లో ప్రకటించారు. ఎముకకు పటుత్వమిచ్చే కొల్లాజెన్ పోగులు ఒకదానికొకటి ముడిపడాలంటే రాగి కావాలి. తర్వాతి కాలంలో అమెరికాలో చేసిన పరీక్షల్లో ఇంత ప్రభావం కనిపించలేదు. కాబట్టి మోకాళ్ల వంకరకు మాలిబ్డినం ఒక్కటే కారణమని నేను చెప్పడం లేదు. మూలం ఫ్లోరైడ్. దానికి కాల్షియం తక్కువైన తిండి, గింజలో తప్పిన ఖనిజాల పాళ్లు తోడయ్యాయన్నది మన శాస్త్రవేత్తల ఆలోచన. అయినా వాళ్లు గింజను కొలిచి చూపించిన తేడా గట్టిది. కాలువ నీరు నేల గుణాన్ని మార్చింది, నేల గుణం గింజను మార్చింది అన్నది దానికి వాళ్లిచ్చిన వివరణ.

ఇలాంటిది మరో చోటా జరిగింది. ఇంగ్లండులోని సోమర్సెట్ ప్రాంతంలో కొన్ని పచ్చికబయళ్లలో మేసిన పశువులు పారుకుని చిక్కిపోయేవి. ఆ పచ్చికలో మాలిబ్డినం ఎక్కువని 1938లో తేలింది. పశువులకు మైలుతుత్తం రూపంలో రాగి ఇస్తే కోలుకున్నాయి. ఇక ఫిన్లాండ్ మరో దారి చూపింది. అక్కడి నేలల్లో సెలీనియం బాగా తక్కువ. 1984 నుంచి ఆ దేశం ఎరువుల్లోనే సెలీనియం కలిపింది. గోధుమలో పెరిగింది, పాలలో పెరిగింది, జనం రక్తంలో పెరిగింది. నేల ద్వారా జనం ఆరోగ్యాన్ని సరిదిద్దవచ్చని ఒక దేశమంతా కలిసి చేసి చూపింది.

మళ్లీ మన నేలకు వద్దాం. 2002 నుంచి ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు నల్లగొండ, మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాల్లో వాటర్‌షెడ్ గ్రామాల రైతుల పొలాల నుంచి మట్టి తీసి పరీక్షించారు. అప్పటిదాకా మెట్ట పంటకు నీరే లోటు అనుకున్నారు. చాలా ఎక్కువ పొలాల్లో గంధకం, బోరాన్, జింకు మూడూ లోపించాయని తేలింది. హెక్టారుకు, అంటే రెండున్నర ఎకరాలకు, 200 కిలోల జిప్సం, 50 కిలోల జింకు సల్ఫేట్, 5 కిలోల బోరాక్స్ వేసి రైతుల పొలాల్లోనే చూశారు. మొక్కజొన్న, జొన్న, ఆముదం, పెసర, వేరుశనగ, అన్నిట్లో దిగుబడి పెరిగింది. కురిసిన అదే వానకు ఎక్కువ గింజ పండింది. బోరాన్ ఎకరాకు 200 గ్రాములు. అంత చిన్న మోతాదుకు అంత మార్పు ఎందుకంటే, పుప్పొడి సరిగా ఎదిగి గింజ కట్టడానికి బోరాన్ తప్పనిసరి.

ఇప్పుడు అసలు చెప్పదలచుకున్నది. పాలమూరు మెట్టకు నీళ్లొస్తున్నాయి. జూరాల వచ్చింది, కల్వకుర్తి ఎత్తిపోతల వచ్చింది, 2023 సెప్టెంబరులో నార్లాపూర్ దగ్గర పాలమూరు–రంగారెడ్డి పథకం తొలి పంపు తిరిగింది. వలస పోయిన జనం తిరిగొచ్చి సొంత పొలంలో నాట్లు వేసే రోజు కోసం ఈ గడ్డ ఎంత కాలం ఎదురుచూసిందో మనకందరికీ తెలుసు. ఆ నీళ్లు రావాలి, ఇంకా రావాలి. వాటితోపాటు నల్లగొండ నేర్పిన జాగ్రత్త కూడా రావాలి. జొన్న, ఆముదం పండిన చెల్క వరి మడిగా మారుతోంది. నీరు నిలిస్తే జింకు అందదు. మురుగు పోయే దారి లేకపోతే చౌడు పైకి తేలుతుంది. డీఏపీ బస్తాలు ఏటేటా గుమ్మరిస్తే నేలలో పేరుకున్న భాస్వరం జింకును మరింత అడ్డుకుంటుంది.

అందుకని రైతు సోదరులకు, అక్కాచెల్లెళ్లకు కొన్ని మాటలు. మట్టి పరీక్ష చేయించేటప్పుడు నత్రజని, భాస్వరం, పొటాష్‌తో ఆగకండి. ఉదజని సూచిక, లవణాల పాలు, జింకు, బోరాన్, గంధకం కూడా చూడమని అడగండి. అది మీ హక్కు. వరికి ఆఖరి దమ్ములో ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేట్ వేయాలి. మూడు పంటలకొకసారి వేస్తే సరిపోతుంది. భాస్వరం ఎరువుతో కలపకుండా మూడు రోజుల ఎడం పాటించండి. పైరు మీద లోపం కనిపిస్తే లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేట్ కలిపి ఐదు రోజుల తేడాతో రెండు మూడు సార్లు పిచికారీ చేయండి. ఇనుము లోపానికి అన్నభేదితోపాటు నిమ్మ ఉప్పు కలపమంటారు. వేరు వదిలే ఆమ్లం చేసే పనినే ఆ నిమ్మ ఉప్పు తొట్టిలో చేస్తుంది, ఇనుమును కరిగిన రూపంలో నిలుపుతుంది.

విత్తనంలోనూ కొత్త దారులున్నాయి. రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ విడుదల చేసిన డీఆర్ఆర్ ధాన్ 45 రకంలో పాలిష్ చేశాక కూడా కిలోకు 22 మిల్లీగ్రాములకు పైగా జింకు ఉంటుంది. ఇక్రిశాట్ సజ్జ నుంచి వచ్చిన ధనశక్తి రకంలో కిలోకు సుమారు 71 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. అయితే విత్తనం ఎంత మంచిదైనా నేలలో లేనిదాన్ని సృష్టించలేదు. జింకు లేని మడిలో జింకు వరి వేసి లాభం లేదు. విత్తనం, ఎరువు, మురుగు కాలువ మూడూ కలిసి నడవాలి.

చివరగా అధికారులకు, శాస్త్రవేత్తలకు ఒక విన్నపం. కొత్త ఆయకట్టులో నీటిమట్టం కొలుస్తున్నాం, ధాన్యం తూకం వేస్తున్నాం. వాటితోపాటు ఐదేళ్లకొకసారి ఆ ఊళ్ల గింజలో, పశువుల చొప్పలో జింకు, రాగి, ఇనుము, మాలిబ్డినం ఎంతున్నాయో కొలవండి. ఆ అంకెలను గ్రామ పంచాయతీ గోడ మీద రాయించండి. 1970లలో పరిమితమైన పరికరాలతో గోపాలన్, దేవస్థలే, కృష్ణమాచారి ఈ పని చేయగలిగారు. ఇప్పుడు మన చేతుల్లో అంతకంటే ఎంతో మెరుగైన పరికరాలున్నాయి. ఆనాడు పిల్లల కాళ్లు వంగాక గింజను కొలిచాం. ఈసారి ముందే కొలుద్దాం.